చిన్న ఊళ్లో తాతముత్తాతల జాడ: ఏ కాగితం ఎక్కడ దొరుకుతుంది, ఎలా చదవాలి

మా ఇంట్లో తద్దినం రోజున పురోహితులు పేర్లు అడిగితే నాన్న తన తండ్రి, తాత, ముత్తాత పేర్లు తడుముకోకుండా చెప్పేవారు. ఆడవాళ్ల వరుస వచ్చేసరికి తల్లి, నాయనమ్మ దాకా సరే, ఆ పైన తాతమ్మ దగ్గర గొంతు తగ్గిపోయేది. ఒక ఏడు సుబ్బమ్మ అనేవారు, ఇంకో ఏడు వెంకాయమ్మ. ఆవిడ అసలు పేరేమిటో, ఏ ఇంటి ఆడపడుచో తేల్చుకోవడానికి నాకు దాదాపు ఐదేళ్లు పట్టింది. దొరికింది ఏ వంశవృక్షంలోనో కాదు, ఒక పొలం అమ్మిన దస్తావేజులో.

అందుకే ముందే చెప్తున్నాను. మన దగ్గర ప్రభుత్వం కుటుంబాల చరిత్ర ఎప్పుడూ రాయలేదు, శిస్తు లెక్కలు రాసుకుంది. భూమి చేతులు మారిన ప్రతిసారీ ఒక కాగితం పుడుతుంది, అందులో మనుషుల పేర్లు ఉంటాయి. కాబట్టి నేలను పట్టుకుని వెనక్కి నడవాలి. నేల లేనివాళ్ల సంగతి వేరు, దానికీ దారులున్నాయి, తర్వాత చెప్తాను.

ఇంటి నుంచే మొదలు

ఆఫీసుకు పరుగెత్తకండి. ముందు అటక మీది ట్రంకుపెట్టె దించండి. శిస్తు రసీదులు, పాత శుభలేఖలు, ఎస్సెల్సీ పుస్తకం, జాతక చక్రాలు, తాకట్టు విడిపించుకున్న కాగితాలు, అన్నీ పనికొస్తాయి. శుభలేఖలో అటువైపు ఇటువైపు తాతల పేర్లు, ఊళ్లు ఉంటాయి. చాలామంది మర్చిపోయేది ఇత్తడి సామాను. బిందెలు, గంగాళాల మీద పేర్లు కొట్టించేవారు కదా, అందులో పుట్టింటివారి ఇంటిపేరు పొడి అక్షరాల్లో ఉండొచ్చు. పాత సామాను వేసి కొత్తది తెచ్చుకునే ముందు ఒకసారి అడుగుభాగం కూడా చూడండి.

ఇంట్లో పెద్దవాళ్లను “ఏ సంవత్సరం?” అని అడిగితే జవాబు రాదు. “ఉప్పెనకి ముందా, తర్వాతా?” అంటే వస్తుంది. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన కోస్తాలో అందరికీ గుర్తున్న మైలురాయి. కృష్ణా పుష్కరాలు 1980, 1992, 2004, 2016ల్లో వచ్చాయి. తెలుగు సంవత్సరం పేరు చెప్తే లెక్క ఇంకా తేలిక. ప్రభవ 1867లో, 1927లో, 1987లో మొదలైంది. అక్కడి నుంచి వేళ్ల మీద లెక్కపెట్టుకోండి. దుర్మతి 55వది, అంటే 1921-22. ఉగాదికి ముందు నెలలు పాత సంవత్సరం కిందికే వస్తాయని మాత్రం గుర్తుంచుకోవాలి.

రెవెన్యూ కాగితాల మీద ఫసలీ (శిస్తు లెక్కల సంవత్సరం) ఉంటుంది. మద్రాసు రాష్ట్రం కింద ఉన్న ఊళ్లలో ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, అది జులైలో మొదలవుతుంది. ఫసలీ 1330 అంటే 1920 జులై నుంచి 1921 జూన్ దాకా. నిజాం ప్రాంతపు ఫసలీకి నెలలూ వేరు, మొదలయ్యే రోజూ వేరు, ఈ లెక్క అక్కడ అచ్చంగా సరిపోదు.

ఇంటి బయట ఇంకో జ్ఞాపకం ఉంది. రెడ్డి, కమ్మ కుటుంబాల గోత్రాలు, ఇంటిపేర్లు చెప్పే పిచ్చుకుంట్లవారు, పద్మశాలీలకు కథ చెప్పే కూనపులివారు, ఇలా ఒక్కో కులానికి ఆశ్రిత కులాలు ఉండేవి. ఇప్పుడు ఊరూరా తిరిగేవాళ్లు తక్కువ. వస్తే మాత్రం వదలొద్దు, చెప్పించుకుని ఫోన్‌లో రికార్డు చేసుకోండి. వాళ్లు చెప్పిన పేరు ప్రతిదీ నిజమని కాదు, కానీ మీ వాళ్లు ఎక్కడి నుంచి వలస వచ్చారో ఆ ఊరి పేరు వాళ్ల నోట వచ్చే అవకాశం ఎక్కువ.

మీ ఊరు అప్పుడు ఎవరి కింద ఉండేది?

ఇది తేల్చుకోకుండా వెతికితే కాళ్లు అరుగుతాయి, అంతే. చీరాలనే తీసుకోండి. 1904కు ముందు అది కృష్ణా జిల్లా బాపట్ల తాలూకాలో ఉండేది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడితే అటు వెళ్లింది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చినప్పుడు అందులో కలిసింది, అదే తర్వాత ప్రకాశం జిల్లా అయింది. 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల జిల్లా. ఊరు అంగుళం కదలలేదు, కాగితాలు మాత్రం నాలుగు జిల్లాల పేరు మీద ఉన్నాయి. 1895 నాటి చీరాల కాగితం కావాలంటే “కృష్ణా జిల్లా” కింద వెతకాలి.

1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. అంతకు ఏడాది ముందు, 1984లో, వంశపారంపర్య కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. ఆ మార్పులో కొన్ని లెక్కలు ఆఫీసుకు చేరాయి, కొన్ని కరణంగారి ఇంటి అటక మీదే ఉండిపోయాయి. కాబట్టి ఊళ్లో పాత కరణంగారి మనవలు ఎవరున్నారో కనుక్కుని వెళ్లండి. ఏదో భూమి తగాదా కోసం వచ్చారని వాళ్లు మొదట అనుమానపడతారు. “మా తాతగారి పేరు చూసుకోవడానికి” అని ముందే చెప్పేస్తే కాఫీ కూడా ఇస్తారు.

ఇంకో సంగతి. 1921లో చీరాల-పేరాలను మున్సిపాలిటీ చేయడాన్ని వ్యతిరేకిస్తూ దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట జనం ఊరు ఖాళీ చేసి, రామనగరం అని పాకలు వేసుకుని సుమారు 11 నెలలు ఉన్నారు. మీవాళ్లు ఆ ఊరివాళ్లయితే ఆ ఏడాది చిరునామా తేడాగా కనిపించినా కంగారు పడకండి. ప్రతి ఊరికీ ఇలాంటి ఏడాది ఒకటి ఉంటుంది, వరదో, కలరానో, చెరువు తెగడమో. అది ఏదో ముందే తెలుసుకోవడం మంచిది.

నేల వెంట వెనక్కి

ఆన్‌లైన్‌లో ఆంధ్రప్రదేశ్ భూమి రికార్డుల సైటు మీభూమిలో అడంగల్ (సాగు, అనుభవం లెక్క), 1-బి (పట్టాదారు ఖాతా) చూసి సర్వే నంబరు రాసుకోండి. రీసర్వే అయిన ఊళ్లలో కొత్త ఎల్పీ (ల్యాండ్ పార్సిల్) నంబరు ఉంటుంది. మీకు కావలసింది పాత సర్వే నంబరు, అది తప్పకుండా అడిగి తీసుకోండి. తెలంగాణలో అయితే భూభారతి.

పాత సర్వే నంబరు చేతిలో ఉంటే తహసీల్దారు ఆఫీసులో ఆర్‌ఎస్‌ఆర్ చూడొచ్చు. అంటే రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, దాన్ని కొన్నిచోట్ల డైగ్లాట్ అంటారు. ఆంధ్ర ప్రాంతంలో ఆఫీసులో దొరికే తల్లివేరు ఇదే. నంబరు, మెట్టో మాగాణో, విస్తీర్ణం, శిస్తు, పట్టా నంబరు, పట్టాదారు పేరు వరసగా ఉంటాయి. పేరుండాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేసినవే ఈమధ్య అందరి నోటా నానిన చుక్కల భూములు. మీ నంబరు ఎదురుగా చుక్కలుంటే ఆ దారి అక్కడితో ఆగిపోయినట్టే, పక్క నంబర్లు చూడండి.

మీవాళ్లది ఈనాం భూమి అయితే మీ అదృష్టం. 1858లో మద్రాసు ప్రభుత్వం ఈనాం కమిషన్ వేసి, ఎవరికి ఎందుకు ఈనాం వచ్చిందో విచారించి రిజిస్టర్లు రాయించింది. దాన్ని ఇప్పుడు ఈనాం ఫెయిర్ రిజిస్టరు, పొట్టిగా ఐఎఫ్‌ఆర్ అంటారు. ఈనాం ఇచ్చిన రాజు లేక జమీందారు, మొదట పుచ్చుకున్న మనిషి, 1860 ప్రాంతంలో అనుభవిస్తున్నవాళ్ల పేర్లు అందులో ఉంటాయి. అర్చకులు, వేదపండితులు, ఊరి మంగలి, వడ్రంగి, కాపలా పనివాళ్లకు కూడా ఈనాములుండేవి. కాబట్టి ఇది పెద్దకులాల వ్యవహారం అని వదిలెయ్యకండి. జమీందారీ ఊరయితే 1948 చట్టంతో జమీలు పోయాక రాసిన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ చూడాలి.

తెలంగాణవారికి మాటలు వేరు, అడంగల్‌ను అక్కడ పహాణీ అంటారు. సేత్వార్ (మొదటి సర్వే రిజిస్టరు) అన్నిటికంటే పాతది, 1954-55 ఖాస్రా పహాణీ అందరూ చూసేది, ఆ తర్వాత 1955-58 చెస్సల పహాణీ. ఖాస్రాలో పట్టాదారు, కబ్జాదారు వేర్వేరు గడుల్లో ఉంటారు. ఆ రెండు పేర్లు ఒకటి కాకపోతే అక్కడ ఒక కథ ఉన్నట్టే.

ఆఫీసులో “అవి లేవండీ” అంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. “మా వంశ చరిత్ర ఇవ్వండి” అని రాస్తే తిప్పి పంపుతారు. ఊరు, సర్వే నంబరు, రిజిస్టరు పేరు రాసి “నకలు ఇప్పించగలరు” అని అడగండి.

సబ్-రిజిస్ట్రారు ఆఫీసు

అసలు గని ఇక్కడే ఉంది. 1983 నుంచి జరిగిన రిజిస్ట్రేషన్లకు ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పట్టీ) ఆన్‌లైన్‌లో వస్తుంది. అంతకు ముందువాటికి ఆఫీసులో చేత్తో వెతికించుకోవాలి, ఎన్నేళ్లకు అడిగితే అన్నేళ్లకు రుసుము. వెతకడానికి రెండు తాళంచెవులు: ఇండెక్స్-1 పేర్ల వరస, ఇండెక్స్-2 ఆస్తి వరస. పేరు మీద వెతికితే ఇంటిపేరు నాలుగు రకాల స్పెల్లింగులతో అడగండి, ఒత్తులు, దీర్ఘాలు రాసినవాడి ఇష్టం. సర్వే నంబరు మీద వెతకడం ఎక్కువ నమ్మకం.

ఇంతకంటే తేలిక దారి లింకు డాక్యుమెంట్లు. మీ దగ్గరున్న అన్నిటికన్నా పాత దస్తావేజు తీయండి. అందులో ఈ ఆస్తి అమ్మినవారికి ఎలా వచ్చిందో రాసి, అంతకు ముందు దస్తావేజు నంబరు, సంవత్సరం ఇస్తారు. దాని నకలు తీయిస్తే అందులో ఇంకా వెనకది. నిచ్చెన ఎక్కినట్టు మెట్టు తర్వాత మెట్టు.

స్థిరాస్తి దస్తావేజులు ఒకటో పుస్తకంలో ఉంటాయి, వాటి నకలు ఎవరైనా అడగొచ్చు. వీలునామాలు మూడో పుస్తకం. రాసినవారు బతికున్నంత కాలం వాళ్లకు తప్ప ఇవ్వరు, పోయాక ఎవరు దరఖాస్తు పెట్టినా ఇస్తారు. ఈ సంగతి తెలియక “మీరు వారసులని రుజువు తెండి” అంటే విని వెనక్కొచ్చేసినవాళ్లు ఉన్నారు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ అని మర్యాదగా గుర్తు చేయండి.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. మా ఊరికి ఇప్పుడున్న ఆఫీసులో మూడుసార్లు వెతికించి, డబ్బు కట్టి, “ఏమీ లేవు” అని రాసిచ్చిన కాగితం తీసుకుని ఆరు నెలలు ఊరుకున్నాను. తీరా చూస్తే ఆ ఆఫీసు తర్వాతెప్పుడో విడగొట్టి పెట్టింది, పాత వాల్యూములు మాతృ ఆఫీసులోనే ఉన్నాయి. “ఈ ఆఫీసు ఏ సంవత్సరంలో మొదలైంది? అంతకు ముందు మా ఊరు ఏ ఆఫీసు కింద?” అనేది మీ మొదటి ప్రశ్న కావాలి.

నకలు చేతికొచ్చాక చదవడం ఇంకో పని. పాతవి గొలుసుకట్టు రాతలో ఉంటాయి, అక్షరం మీద అక్షరం. అంకెలు కూడా తెలుగువే ఉండొచ్చు. ఆఫీసు బయట కూర్చునే దస్తావేజు లేఖరుల్లో వయసు మళ్లినవారిని పట్టుకోండి, కళ్లద్దాలు సర్దుకుని గడగడా చదివేస్తారు. నాకు దొరికిన 1927 నాటి క్రయ దస్తావేజులో అసలు వాక్యం దాదాపు ఇలా ఉంది:

“...మా తల్లి మహలక్ష్మమ్మకు ఆమె తండ్రి ఫలానావారు పసుపు కుంకుమల నిమిత్తం ఇచ్చినదిన్నీ, ఆమె అనంతరం నాకు సంక్రమించి నా స్వాధీన అనుభవంలో ఉన్నదిన్నీ అయిన య 2-14 సెంట్ల మెట్ట...”

‘య’ అంటే ఎకరాలు. అమ్మింది నాన్న తాత. అంటే ఆయన తల్లి, మేం వెతుకుతున్న ఆవిడ, సుబ్బమ్మా కాదు వెంకాయమ్మా కాదు. “ఫలానావారు” ఉన్నచోట ఆవిడ తండ్రి పేరు, ఇంటిపేరు, ఊరు నిలువునా ఉన్నాయి. పైగా అప్పటి పద్ధతిలో స్త్రీధనం ముందు కూతుళ్లకు పోతుంది. ఇది కొడుక్కి వచ్చిందంటే ఆవిడకు కూతుళ్లు లేరో, ముందే పోయారో. అది నా ఊహ, అందుకే చెట్టులో పెన్సిల్‌తో రాసుకున్నాను.

దస్తావేజు మొత్తం చదవండి, పేరు దొరికిందని ఆగిపోవద్దు. హద్దులు చూడండి. తూర్పున, పడమర ఉన్న భూమి అదే ఇంటిపేరు వాళ్లదయితే వాళ్లు దాయాదులు అయుండొచ్చు, ఒకప్పుడు ఒకే చెక్క పంచుకుని ఉంటారు. సాక్షుల్లో బావమరుదులు, మేనమామలు తరచూ తగులుతారు. సంతకం ఉన్నచోట ‘నిశాని’ అని ఉంటే వేలిముద్రో, గీతో వేశారని, ‘వ్రాలు’ అంటే చేత్తో సంతకం పెట్టారని. భాగ పరిష్కార దస్తావేజు దొరికితే పండగే, అన్నదమ్ములందరి పేర్లు, చనిపోయిన అన్న కొడుకుల పేర్లు, తల్లి మనోవర్తికి ఉంచిన చెక్క, అన్నీ ఒకేచోట.

ఆడవాళ్లు రికార్డుల్లో కనిపించేది ఎక్కువగా ఇలాగే. పసుపు కుంకుమ భూమి, మనోవర్తి, దత్తత, వీలునామా, గుడికి రాసిచ్చిన దీపం ఖర్చు. ఓటర్ల జాబితాలో “ఫలానావారి భార్య” అని వస్తారు, పుట్టింటి పేరు అందులో ఉండదు.

భూమి లేని ఇళ్లు

మద్రాసు రాష్ట్రపు పాత జనన రిజిస్టర్లు గ్రామ మునసబు రాసేవాడు. వెళ్లి చూస్తే చాలాచోట్ల బిడ్డ పేరే ఉండదు, తండ్రి పేరు, ఆడో మగో, అంతే. పేరు పెట్టకముందే రాయించేవారు కదా. కాబట్టి తండ్రి పేరుతో, తేదీ చుట్టూ రెండేళ్లు అటూ ఇటూ వెతకండి. ఇప్పుడున్న 1969 చట్టం 1970లో అమల్లోకి వచ్చాకే ఇది కాస్త గాడిలో పడింది.

బడి అడ్మిషన్ రిజిస్టరు నాకు దీనికంటే ఇష్టం. పిల్లాడి పేరు, తండ్రి పేరు, వృత్తి, కులం, ముందు చదివిన బడి, మానేసిన తేదీ ఉంటాయి. పుట్టిన తేదీ ఒక్కటి నమ్మకండి. జులై 1న పుట్టినవాళ్లు మన దేశంలో ఎందుకంతమందో ఏ హెడ్మాస్టారిని అడిగినా నవ్వుతారు.

క్రైస్తవ కుటుంబాలకు చర్చి బాప్తిస్మపు రిజిస్టరు భూమి కాగితంతో సమానం. భూమి లేని దళిత కుటుంబాల పేర్లు మొదటిసారి వరసగా కాగితం మీదికి ఎక్కింది చాలాచోట్ల అక్కడే. గుంటూరులో లూథరన్ మిషన్ 1842లో మొదలైంది. ఒంగోలు బాప్టిస్టు మిషన్‌లో 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. పాస్టరుగారిని అడిగే ముందు ఆ చర్చి ఏ మిషన్ పెట్టిందో కనుక్కోండి, పాత కాగితాలు అమెరికా, ఇంగ్లండ్‌లలోని మిషన్ ఆర్కైవ్స్‌లో ఉండే అవకాశం ఉంది. ముస్లిం కుటుంబాలు ఖాజీ దగ్గరి నికా రిజిస్టరు చూడాలి. అందులో పెళ్లికూతురి తండ్రి పేరు, వకీలు (పెళ్లికూతురి తరఫున మాట్లాడే మనిషి), సాక్షుల పేర్లు ఉంటాయి.

నేతపనివాళ్లయితే చేనేత సహకార సంఘం సభ్యుల పుస్తకం, పట్టణంలో ఇల్లు ఉన్నవాళ్లకు మున్సిపాలిటీ ఇంటి పన్ను రిజిస్టరు, బంజరు పట్టా పుచ్చుకున్నవాళ్లకు డీకేటీ ఫైలు. కోర్టుకెక్కిన ఇళ్లకు దావా కాగితాల్లో వంశవృక్షం గీసి మరీ పెడతారు. తగాదాపడ్డ కుటుంబాల చరిత్ర సఖ్యంగా ఉన్న కుటుంబాల కంటే బాగా నిలిచి ఉండటం ఈ పనిలో నేను చూసిన విచిత్రం.

లైబ్రరీ, ఆర్కైవ్స్

చీరాల పక్కనే వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం ఉంది. 1929లో దాని భవనానికి శంకుస్థాపన చేసింది గాంధీగారు. పాత తెలుగు పత్రికల కోసం ఎక్కడెక్కడి పరిశోధకులో అక్కడికి వస్తారు. ఊరి వార్తలు, వేలం ప్రకటనలు, సంతాపాలు దొరుకుతాయి, తేదీ ముందే తెలిసి వెళ్తే పని తొందరగా అవుతుంది. మీ జిల్లాలో కూడా ఇలాంటి పాత గ్రంథాలయం ఒకటి ఉండే ఉంటుంది.

ఇంకా వెనక్కి వెళ్లాలంటే కైఫీయత్తులు. 1821లో చనిపోయిన కర్నల్ కాలిన్ మెకంజీ ఊరూరా కరణాల దగ్గర రాయించిన స్థల చరిత్రలు ఇవి. అచ్చయినవీ ఉన్నాయి. మీ ముత్తాత వాటిలో ఉండకపోవచ్చు గానీ ఊరి కరణాలు, గుళ్లు, అగ్రహారాల పేర్లు ఉంటాయి. మద్రాసు రాష్ట్రం నాటి ప్రభుత్వ కాగితాలకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్, నిజాం రాష్ట్రపు వాటికి హైదరాబాద్ తార్నాకలోని ఆర్కైవ్స్.

విదేశాల్లో ఉన్నవాళ్లు తరచూ అడిగేది జనగణన గురించి. మన జనగణనలో మనుషుల పేర్లున్న కాగితాలు ఎవరికీ చూపించరు, 1948 చట్టమే ఒప్పుకోదు. ఆ ఆశ వదిలేయండి. దక్షిణాఫ్రికాలోని తెలుగువాళ్లకు మాత్రం మనకు లేని వసతి ఒకటుంది. 1860 నుంచి 1911 దాకా నటాల్‌కు కూలీలను తీసుకెళ్లిన ఓడల జాబితాల్లో మనిషి పేరు, తండ్రి పేరు, కులం, జిల్లా, తాలూకా, ఊరు రాశారు. స్పెల్లింగ్ తెల్లదొర విన్నట్టు ఉంటుంది, గట్టిగా పైకి చదివితే ఊరి పేరు తెలుస్తుంది.

రాసుకునేటప్పుడు

తాత పేరు మనవడికి పెట్టడం మన అలవాటు. 1890లో ఒక వెంకటసుబ్బయ్య, 1945లో ఇంకో వెంకటసుబ్బయ్య ఉంటే ఇద్దరినీ ఒకరిగా అతికించేయడం అందరూ చేసే తప్పు. తండ్రి పేరు, వయసు రెండూ కలిస్తేనే అతికించండి. ఇల్లరికం వచ్చిన అల్లుడుంటే ఆస్తి ఒక ఇంటిపేరు నుంచి ఇంకో ఇంటిపేరుకు దూకుతుంది, అమ్మకం దస్తావేజు కోసం ఊరికే వెతక్కండి.

ప్రతి పేరు పక్కన కాగితం పేరు, నంబరు, సంవత్సరం, ఏ ఆఫీసు, చూసిన తేదీ రాయండి. ఎవరో చెప్పింది అయితే చెప్పినవారి పేరు రాయండి. ఫోటోకు “1927-క్రయం-పేజీ 2” అని పేరు పెట్టకపోతే ఏడాది తర్వాత ఫోన్‌లో నాలుగు వేల ఫోటోల మధ్య దాన్ని మళ్లీ వెతకాల్సి వస్తుంది. తెలియని గడి ఖాళీగానే ఉంచండి. మహలక్ష్మమ్మగారి తల్లి పేరు ఉండాల్సిన చోట నా కాగితంలో ఇప్పటికీ ఒక గీత, దాని పక్కన ఆవిడ పుట్టింటి ఊరి సర్వే నంబరు ఉన్నాయి.